మాత్రలో మందెంత? చిన్న పట్టీ చెప్పగలిగేదీ, చెప్పలేనిదీ

శ్రీకాకుళం నుంచి విశాఖ వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే రణస్థలం దాటాక పైడిభీమవరం వస్తుంది. మందుల కంపెనీల షిఫ్టు బస్సులు ఆగే చోటు అది. చుట్టుపక్కల ఊళ్లలో కెమిస్ట్రీ చదివిన కుర్రాళ్లను ఎక్కడ చేస్తున్నావని అడిగితే చాలామంది చెప్పే జవాబు "క్యూసీలో" అనే. క్యూసీ అంటే క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్. ప్రతి బ్యాచ్ నుంచి నమూనా తీసి, ఎక్కువగా హెచ్‌పీఎల్‌సీ అనే, ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం మీద నడిపి, అసలు మందు ఎంత శాతం ఉందో తేల్చాకే సరుకు గేటు దాటుతుంది.

గేటు దాటాక ఆ మందును మళ్లీ కొలవడం అరుదు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ నమూనా తీసుకుంటే తప్ప, మాత్ర తన మిగతా జీవితమంతా నమ్మకం మీదే గడుపుతుంది. పైడిభీమవరానికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఉంది. అక్కడి ఆరోగ్య కేంద్రం బీరువాలో, మందుల షాపు అరలో, కిడ్నీ రోగి ఇంట్లో గూట్లో ఆ మాత్ర వారాలూ నెలలూ ఉంటుంది. షీటు మీద మాత్రం 30 డిగ్రీల లోపు, తేమా వెలుతురూ తగలకుండా ఉంచాలని రాసి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో తీరప్రాంతపు ఉక్క ఎలా ఉంటుందో జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటినప్పుడు చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటే లేదు. ఫ్రిజ్‌లో ఉండాల్సిన మందుల సంగతి సరే, మామూలు మాత్రల పెట్టెలు కూడా తడిసిన గోడల పక్కనే ఉండిపోయి ఉంటాయి.

ఆ బీరువా ముందు నిలబడి "ఈ మాత్రలో ఇప్పుడు మందెంత ఉంది" అని అక్కడికక్కడే కొలవడం సాధ్యమేనా? సాధ్యమే, కొన్ని షరతులతో. ఆ పని చేయగలిగేవి ఎలక్ట్రోకెమికల్ సెన్సర్లు. వీటి మీద పరిశోధన పత్రాలు లెక్కకు మించి వస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం పట్టించుకునే గొప్ప ఒకటైతే, బీరువా ముందు నిలబడ్డ ఫార్మసిస్టుకు కావాల్సిన గుణం వేరొకటి. ఈ తేడా అర్థం కావాలంటే ముందు సెన్సర్ పనిచేసే తీరు చూడాలి.

షుగర్ ఉన్నవాళ్ల ఇళ్లలో గ్లూకోమీటర్ ఉంటుంది. వేలి చివర నుంచి ఒక రక్తపు చుక్క పట్టీకి అంటిస్తే అయిదారు సెకన్లలో అంకె వస్తుంది. ఇప్పుడు వాడుతున్న మీటర్లలో చాలావరకు ఎలక్ట్రోకెమికల్ సెన్సర్లే. పట్టీ మీద కార్బన్‌తోనో లోహంతోనో అచ్చువేసిన సన్నని గీతలు ఎలక్ట్రోడ్లు. గ్లూకోజ్‌ను ఎంజైమ్ ఆక్సీకరణం చేస్తే ఆ ఎలక్ట్రాన్లు గీత మీదుగా మీటర్‌లోకి ప్రవహిస్తాయి. గ్లూకోజ్ ఎక్కువుంటే కరెంటు ఎక్కువ. ఈ ఎంజైమ్ ఎలక్ట్రోడ్ ఆలోచనను 1962లో లీలండ్ క్లార్క్, చాంప్ లయన్స్ ముందుకు తెచ్చారు. అంతకు 40 ఏళ్ల ముందే, 1922లో ప్రాగ్‌లో యారోస్లావ్ హైరోవ్‌స్కీ పాదరసం బొట్లను ఎలక్ట్రోడ్‌గా పెట్టి ద్రావణాల్లో ఏముందో ఎంతుందో చెప్పే పోలరోగ్రఫీని మొదలుపెట్టాడు. 1959లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

మందుల విషయంలో ఎంజైమ్ అవసరం చాలాసార్లు ఉండదు, ఎందుకంటే చాలా మందులు తమంతట తామే ఎలక్ట్రాన్లు ఇవ్వగలవు, లేదా పుచ్చుకోగలవు. అందరికీ తెలిసిన పారాసెటమాల్‌నే తీసుకుందాం. కార్బన్ ఎలక్ట్రోడ్‌కు వోల్టేజీ మెల్లగా పెంచుతూ పోతే ఒక దశ దాకా ఏమీ జరగదు. తటస్థ బఫర్‌లో, అంటే పీహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రావణంలో అయితే సుమారు 0.4 వోల్టుల చుట్టుపక్కల (వోల్టేజీని పోల్చి చూడ్డానికి పక్కన పెట్టే సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ లెక్కన) కరెంటు ఒక్కసారిగా లేచి శిఖరంలా పైకి వెళ్లి మళ్లీ దిగుతుంది. ఎలక్ట్రోడ్ రకాన్ని బట్టి ఆ చోటు కొంచెం అటూ ఇటూ జరగొచ్చు. ఆ క్షణంలో ఒక్కో పారాసెటమాల్ అణువు రెండు ఎలక్ట్రాన్లను, రెండు ప్రోటాన్లను వదిలి ఎన్-ఎసిటైల్ క్వినోన్ ఇమైన్‌గా మారుతుంది. పారాసెటమాల్ మోతాదు మించినప్పుడు కాలేయాన్ని దెబ్బతీసేది కూడా ఇదే పదార్థం. ఒంట్లో కాలేయపు ఎంజైములు చేసే మార్పును ఇక్కడ ఒక కార్బన్ గీత చేస్తోంది. శిఖరం ఉన్న చోటు మందు ఏదో చెబుతుంది. శిఖరం ఎత్తు మందు ఎంతో చెబుతుంది.

ఈ ఎలక్ట్రాన్ల లెక్క ఫార్మసీ విద్యార్థులకు కొత్తది కాదు, పేరే వేరు. పారాసెటమాల్ ముడి మందును సెరిక్ అమోనియం సల్ఫేట్‌తో టైట్రేషన్ చేసేటప్పుడు "0.1 మోలార్ ద్రావణం ఒక మిల్లీలీటరు, 7.56 మిల్లీగ్రాముల మందుకు సమానం" అని రికార్డు బుక్కులో రాస్తారు. పారాసెటమాల్ అణుభారం 151.16, అందులో సగం 75.58. ఆ సగం ఎందుకు వచ్చిందంటే ఒక అణువు నుంచి పోయేవి రెండు ఎలక్ట్రాన్లు కాబట్టి. బ్యూరెట్ నుంచి జారే పసుపు రంగు ద్రావణం చేసే పనినే సెన్సర్‌లో బ్యాటరీ చేస్తోంది. క్యూసీ ల్యాబుల్లోనూ ఎలక్ట్రోకెమిస్ట్రీ పరాయిది కాదు. తేమ కొలిచే కార్ల్ ఫిషర్ యంత్రం, ఆటో టైట్రేటర్, చివరికి బల్ల మీది పీహెచ్ మీటర్ ఎలక్ట్రోడ్ కూడా ఈ కుటుంబంలోవే.

500 మిల్లీగ్రాముల మాత్రలోని పారాసెటమాల్ మొత్తం తన రెండేసి ఎలక్ట్రాన్లను వదిలేస్తే ఎంత విద్యుత్తు వస్తుంది? ఒక మోల్ ఎలక్ట్రాన్లకు 96,485 కూలుంబులు. ఆ లెక్కన మాత్రకు సుమారు 638 కూలుంబులు. ఫోన్ భాషలో చెప్పాలంటే దాదాపు 177 ఎంఏహెచ్, అంటే 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో ఇరవై ఎనిమిదో వంతు. ఒక చిన్న మాత్రకు అది తక్కువేం కాదు. కానీ సెన్సర్ ఆ మొత్తాన్ని లెక్కపెట్టదు. ఎలక్ట్రోడ్‌ను ఆనుకుని ఉన్న పల్చటి పొరలో ఉన్న అణువులు మాత్రమే ఆ కొద్ది సెకన్లలో అక్కడికి చేరి స్పందిస్తాయి. వచ్చే కరెంటు మైక్రోఆంపియర్లలో ఉంటుంది. ఆ కాస్తను చూసి మొత్తం మాత్ర గురించి మాట్లాడాలి. అందుకే తెలిసిన పరిమాణంలో స్వచ్ఛమైన మందు కలిపిన స్టాండర్డ్ ద్రావణం పక్కన లేకుండా సెన్సర్ అంకెకు విలువ లేదు.

చేసే పద్ధతి ఇలా ఉంటుంది. 20 మాత్రలు తూచి, సగటు బరువు కట్టి, కల్వంలో మెత్తగా నూరుతారు. ఒక మాత్రకు సరిపడా పొడిని 100 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో బఫర్ పోసి బాగా కలిపి వడకడతారు. ఫిల్టర్ కాగితం మీద తెల్లగా మిగిలేది పిండి పదార్థం, టాల్కు, మెగ్నీషియం స్టియరేట్ లాంటివి. మాత్రకు ఆకారం ఇచ్చి, మిషన్‌కు అంటుకోకుండా చూసే ఈ పదార్థాలు ఎలక్ట్రోడ్ దగ్గర చాలావరకు మౌనంగా ఉంటాయి. వడకట్టిన ద్రావణంలో మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. దాన్ని వెయ్యి రెట్లు పలుచన చేసి, ఒక చుక్క పట్టీ మీద వేసి, ఫోన్‌కు తగిలించిన, అరచేతిలో పట్టే పొటెన్షియోస్టాట్ (వోల్టేజీ ఇచ్చి కరెంటు కొలిచే పరికరం) బటన్ నొక్కితే నిమిషం లోపు తెర మీద శిఖరం వస్తుంది. హెచ్‌పీఎల్‌సీకి లక్షల ఖరీదు, ఏసీ గది, నిలకడైన కరెంటు, లీటర్ల కొద్దీ ఎసిటోనైట్రైల్ లేదా మెథనాల్ కావాలి. ఇక్కడ కావాల్సింది బ్యాటరీ, బఫర్ పొట్లం, శుద్ధమైన నీళ్లు. బోరు నీళ్లు పనికిరావు. వాటిలోని ఇనుము, క్లోరైడులు కొలతను కలగాపులగం చేస్తాయి.

పరిశోధన పత్రాల్లో ఎక్కువగా కనిపించే మాట "డిటెక్షన్ లిమిట్". ఎంత తక్కువ మందును సెన్సర్ పసిగట్టగలదో చెప్పే అంకె ఇది. కార్బన్ నానోట్యూబులు, గ్రాఫీన్, బంగారు నానో కణాలు పూసి ఆ అంకెను మైక్రోమోలార్ నుంచి దానిలో వెయ్యో వంతైన నానోమోలార్‌కు దించామని ఒకరిని మించి ఒకరు రాస్తారు. కానీ ఒక మాత్రను 100 మిల్లీలీటర్లలో కరిగిస్తే వచ్చే ద్రావణం 33 మిల్లీమోలార్. 10 నానోమోలార్ దాకా చూడగల సెన్సర్ ముందు అది 33 లక్షల రెట్లు గాఢమైనది. 5 మిల్లీగ్రాముల ఆమ్లోడిపైన్ లాంటి చిన్న మోతాదు బీపీ మాత్ర కూడా అంతే నీళ్లలో 0.12 మిల్లీమోలార్ దాకా ఇస్తుంది. మాత్రను కొలవడానికి నానోమోలార్ చూపు అక్కర్లేదు. అది కావాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. మందు తయారుచేసే రియాక్టర్ కడిగిన నీళ్లలో పాత మందు జాడ ఇంకా ఉందా, కంపెనీ బయటికి వదిలే నీటిలో ఏం పోతోంది, రోగి రక్తంలో మందు ఎంత మిగిలింది అన్నవి అలాంటివి.

మాత్రకు కావాల్సింది నిలకడ. పలాసలో 80 కిలోల జీడిపిక్కల బస్తాను కాటా వేసే రైతు, ఆ కాటా ఆవగింజ బరువును పట్టుకోగలదా అని అడగడు. మొదటిసారీ రెండోసారీ ఒకే బరువు చూపిస్తుందా లేదా అన్నదే చూస్తాడు. మందుల ప్రమాణాలు చెప్పే అధికారిక గ్రంథం ఇండియన్ ఫార్మకోపియా ప్రకారం పారాసెటమాల్ మాత్రలో మందు, లేబుల్ మీద రాసిన దానిలో 95 నుంచి 105 శాతం మధ్య ఉండాలి. అచ్చువేసిన పట్టీల్లో ఒకదానికీ ఇంకొకదానికీ 5 శాతం తేడా వస్తోందనుకుందాం. అప్పుడు 97 శాతం ఉన్న మంచి మాత్ర ఒక పట్టీ మీద 92, ఇంకో పట్టీ మీద 102 చూపించొచ్చు. 92 చూసి మంచి మందును తప్పుపట్టినా, 90 శాతం ఉన్న మాత్ర అదృష్టం కొద్దీ 95 చూపితే పాస్ అన్నా, రెండూ తప్పే. నాలుగు పట్టీల సగటు తీస్తే ఈ ఊగిసలాట సగానికి తగ్గుతుంది, పదహారు తీస్తే పావుకు వస్తుంది. అంత చేశాక కూడా 94, 95 మధ్య గీత గీసే అధికారం పట్టీకి ఇవ్వకూడదు. కానీ అసలు మందే లేని మాత్ర, సగమే ఉన్న మాత్ర, ఒక మందు బదులు ఇంకొకటి పెట్టిన మాత్ర నాలుగు పట్టీలకు దొరక్కుండా పోవు. పేద, మధ్యాదాయ దేశాల్లో ప్రతి పది వైద్య ఉత్పత్తుల్లో ఒకటి నాసిరకంగానో నకిలీగానో ఉంటోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో అంచనా వేసింది. ఆ స్థాయి మోసాన్నీ, పాడైపోయిన సరుకునూ ముందుగా ఏరివేయడానికి ఈ నిలకడ చాలు.

నిలకడను పాడుచేసే వాటిలో మన జిల్లాలకు ముందుగా చెప్పుకోవాల్సింది ఎండ. ద్రావణం వేడెక్కితే అణువులు త్వరగా కదులుతాయి, ఎలక్ట్రోడ్‌కు ఎక్కువ సంఖ్యలో చేరతాయి, కరెంటు పెరుగుతుంది. డిగ్రీకి సుమారు ఒక శాతం చొప్పున పెరుగుతుందనుకోవచ్చు. 25 డిగ్రీల ఏసీ ల్యాబులో అమర్చిన మీటర్‌ను మే నెలలో 35 డిగ్రీల గదిలోకి తీసుకెళ్తే, మందు ఏమాత్రం పెరగకుండానే అంకె 10 శాతం పెరుగుతుంది. 90 శాతానికి పడిపోయిన మాత్ర సరిగ్గా ఆ వేడిలోనే 99 చూపిస్తుంది. ఎండకు పాడైన మందును ఎండే కప్పిపుచ్చే ఈ పరిస్థితి చాలా ప్రమాదకరం. దీనికి విరుగుడు ఒక్కటే. స్టాండర్డ్‌ను అదే గదిలో, అదే పూట, అదే పెట్టెలోని పట్టీల మీద, ఒకసారి మాత్ర ఒకసారి స్టాండర్డ్ చొప్పున మార్చి మార్చి కొలవాలి. ఫ్యాక్టరీలో వేసిన కాలిబ్రేషన్ కోడ్‌ను నమ్ముకుని పని కానిచ్చే పద్ధతి ఇక్కడ చెల్లదు.

పీహెచ్ కూడా అంతే. ఎలక్ట్రాన్లు ఎన్నో ప్రోటాన్లు కూడా అన్నే పోయే చోట, పీహెచ్ ఒక యూనిట్ పెరిగితే శిఖరం 59 మిల్లీవోల్టులు వెనక్కి జరుగుతుంది. బఫర్ సరిగ్గా లేకపోతే ఒక మందును ఇంకో మందుగా పొరపడొచ్చు.

ఇక ఎలక్ట్రోడ్‌కు పట్టే మురికి. ఫినాల్ జాతి మందులు ఆక్సీకరణం చెందాక కొన్ని ఒకదానికొకటి అతుక్కుని కార్బన్ మీద సన్నని పొరగా పేరుకుంటాయి. రెండోసారి కొలిస్తే శిఖరం పొట్టిదవుతుంది. ల్యాబుల్లో వాడే గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ అయితే ప్రతి కొలతకూ ముందు పాలిష్ చేయాలి. తడి గుడ్డ మీద 0.05 మైక్రాన్ అల్యూమినా పొడి వేసి, ఎనిమిది అంకె ఆకారంలో, చెయ్యి ఒత్తిడి మారకుండా రుద్దాలి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసే పిల్లలకు మొదటి నెలంతా దీనితోనే టెన్షన్. ఒకే ద్రావణం, ఒకే ఎలక్ట్రోడ్, చెయ్యి మారితే అంకె మారుతుంది. ఒకసారి వాడి పారేసే పట్టీ ఈ తలనొప్పిని తీసేస్తుంది, కానీ దాని బదులు పట్టీకీ పట్టీకీ మధ్య తేడా వచ్చి కూర్చుంటుంది. పత్రంలో "మా ఎలక్ట్రోడ్ 30 రోజులు నిలబడింది" అని చదివినప్పుడు, ఆ 30 రోజులు ఏ గదిలో ఉందో అడగడం అవసరం.

సిరప్‌లు మాత్రల కంటే చిక్కు. వాటిలో నిల్వ కోసం కలిపే పారాబెన్లు స్వయంగా ఫినాళ్లే, ఎలక్ట్రోడ్ దగ్గర తమ శిఖరం తామే పైకెత్తుతాయి. మెటాబైసల్ఫైట్ లాంటి యాంటీ ఆక్సిడెంట్లూ ఊరుకోవు. విటమిన్ సి ఉన్న మాత్రల్లో ఆస్కార్బిక్ ఆమ్లం చాలా తక్కువ వోల్టేజీకే ఎలక్ట్రాన్లు వదిలేస్తుంది. రెండు మూడు మందులు కలిపిన నొప్పి మాత్రల్లో శిఖరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఇలాంటి చోట స్టాండర్డ్‌ను అదే నమూనాలో కొద్దికొద్దిగా కలుపుతూ శిఖరం ఎంత పెరుగుతోందో చూసే పద్ధతి కొంత ఆదుకుంటుంది. అన్ని మందులకూ ఈ దారి తెరిచి ఉండదు కూడా. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ మామూలు కార్బన్ మీద సులభంగా స్పందించదు, దానికి రాగి, నికెల్ లాంటి వేరే ఉపరితలాలు వెతుక్కోవాలి. యాంటీబయోటిక్ మెట్రోనిడజోల్ ఎలక్ట్రాన్లు పుచ్చుకునే రకం కాబట్టి గాలిలోంచి నీళ్లలో కరిగిన ఆక్సిజన్ అడ్డొస్తుంది. ల్యాబులో అయితే నైట్రోజన్ ఊది తరిమేస్తారు, బీరువా పక్కన ఆ సిలిండర్ ఉండదు.

ఈ పరిమితులన్నీ చెప్పుకున్నాక కూడా ఈ పద్ధతి మీద ఆశ ఎందుకంటే, కొన్ని మందుల విషయంలో పాడవడాన్నే ఇది నేరుగా చూడగలదు. పారాసెటమాల్ తేమకు విడిపోతే 4-అమినోఫినాల్ వస్తుంది. అది అసలు మందు కంటే బాగా ముందు, 0.1, 0.2 వోల్టుల ప్రాంతంలోనే స్పందిస్తుంది. ఆస్పిరిన్ తేమ తగిలి సాలిసిలిక్ ఆమ్లంగా మారుతుంది. పాత డబ్బా మూత తీస్తే వచ్చే పులుపు వాసన దాంతోపాటు పుట్టే ఎసిటిక్ ఆమ్లానిది. ఆస్పిరిన్‌ను ఎలక్ట్రోడ్ మీద ఆక్సీకరణం చేయాలంటే బాగా ఎక్కువ వోల్టేజీ కావాలి, సాలిసిలిక్ ఆమ్లం అంతకంటే తక్కువకే లేస్తుంది. గుండె రోగి గూట్లో ఉన్న ఆస్పిరిన్‌కు ఇది సరిగ్గా కావాల్సిన పరీక్ష.

ఉద్దానానికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఆమ్లోడిపైన్. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు బీపీ అదుపులో ఉండడం ప్రాణావసరం, ఆ మాత్ర వాళ్లలో చాలామందికి రోజువారీ తిండిలో భాగం. ఈ మందు డైహైడ్రోపిరిడిన్ జాతిది, వెలుతురంటే పడదు. వెలుతురు తగిలి పాడైతే దాని అణువులోని ఉంగరం లాంటి భాగం పిరిడిన్ అనే వేరే రూపంలోకి మారుతుంది. ఎలక్ట్రోడ్ మీద జరిగే ఆక్సీకరణంలోనూ మారేది ఆ ఉంగరమే. కాబట్టి వెలుతురుకు ముందే మారిపోయిన అణువు ఎలక్ట్రోడ్ దగ్గర ఆ శిఖరాన్ని ఇవ్వదు. మందు ఎంత చచ్చిందో శిఖరం అంత పొట్టిదవుతుంది. షీటులోంచి మాత్రలు ఊడదీసి ప్లాస్టిక్ డబ్బాలో పోసి కిటికీ దగ్గర పెట్టుకునే ఇళ్లు ఎన్నో. వాటిలో ఎంత మందు మిగిలిందో ఎవరూ కొలవరు. బీపీ దిగకపోతే మోతాదు పెంచుతారు, మందు మారుస్తారు. డబ్బాను అనుమానించడం చివరికి గానీ జరగదు.

అయితే సెన్సర్ తాను వెతికేదాన్నే చూస్తుంది. 2022లో గాంబియాలో పిల్లల మరణాల తర్వాత, కొన్ని సిరప్‌లలో డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ కలిశాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. అలాంటి సిరప్‌ను అందులోని అసలు మందు కోసం అమర్చిన పట్టీతో కొలిస్తే మందు శాతం సరిగ్గానే ఉందని రావచ్చు. విషం దాని కంటికి కనపడదు. కాబట్టి పట్టీ మీద వచ్చిన మంచి అంకెను "ఈ మందు సురక్షితం" అనే మాటగా మార్చడం పొరపాటు. "ఈ మందు ఇంత ఉంది" అన్నంత వరకే దాని మాట.

చట్టం దృష్టిలోనూ ఈ అంకె సాక్ష్యం కాదు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం ఇన్‌స్పెక్టర్ తీసిన నమూనా మీద ప్రభుత్వ అనలిస్టు ఫారం 13లో ఇచ్చే నివేదికే చెల్లుతుంది. 28 రోజుల్లోగా దాన్ని సవాలు చేయకపోతే అదే తుది సాక్ష్యం. నాణ్యత లేదని తేలిన మందుల జాబితాను కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా బయటపెడుతుంది. అక్కడిదాకా వెళ్లేవి మొత్తం సరుకులో అతి కొద్ది నమూనాలే. వందల బ్యాచుల్లో ఏ నాలుగింటిని ల్యాబుకు పంపాలో తేల్చడం తేలిక కాదు. ఆ ఎంపికకు ఆధారంగా పట్టీ పనికొస్తుంది. శిఖరం పొట్టిగా వచ్చిన బ్యాచ్ ముందు వెళ్తుంది.

పనికొస్తుందో లేదో తేల్చడానికి పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఫార్మసీ కాలేజీలున్నాయి, ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది, హెచ్‌పీఎల్‌సీ మీద చెయ్యి తిరిగినవాళ్లు పైడిభీమవరం బస్సుల నిండా ఉన్నారు. ఒకే బ్యాచ్ ఆమ్లోడిపైన్ షీట్లు, ఆస్పిరిన్ షీట్లు తీసుకుని మూడు భాగాలు చేయాలి. ఒకటి ఏసీ గదిలో, ఒకటి ఉద్దానంలోని ఆరోగ్య కేంద్రం బీరువాలో, ఒకటి షీటు చింపి ప్లాస్టిక్ డబ్బాలో పోసి ఇంటి గూట్లో ఉంచాలి. మార్చి నుంచి జూలై దాకా పదిహేను రోజులకోసారి మూడింటి నుంచీ మాత్రలు తీసి నూరి, ఆ పొడిలో సగం హెచ్‌పీఎల్‌సీకి, సగం పట్టీకి ఇవ్వాలి. పట్టీ కొలిచేవాళ్లకు ఏ పొడి ఎక్కడిదో చెప్పకూడదు. కొలిచే చోటు ల్యాబు కాకుండా ఆ బీరువా ఉన్న గదే కావాలి, ఫ్యాను ఆగిపోయిన మధ్యాహ్నంతో సహా. రెండు వరుసల అంకెలూ, గది ఉష్ణోగ్రతా ఒకే పుస్తకంలో పక్కపక్కన రాసుకుంటూ పోవాలి.